జంగమమునకు దారి



చిట్కుల్ నుండి ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చి నిలిచినచో మన ముందున్నది 65వ జాతీయ రహదారి. పెద్దలు నేటికిని దీనిని 9వ నంబరు రహదారి యనియే పిలుచుచున్నారు. ఒకవైపు పటాన్‌చెరు, మియాపూర్, హైదరాబాదు. మరొకవైపు సంగారెడ్డి, జహీరాబాదు, హుమ్నాబాదు. హుమ్నాబాదు దాటి మరికొంత పోయినచో బసవకల్యాణమునకు తిరుగు మలుపు వచ్చును. బసవేశ్వరుడు అనుభవమంటపమును నెలకొల్పిన కల్యాణమునకు మన ఊరినుండి ఇంత తిన్నని బాట కలదు. అయినను ఈ బాటపై బస్సెక్కలేనివారు మన నడుమనే ఉన్నారు. నేటి ప్రసంగము వారిని గూర్చినది.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. చాలా ఏండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక పాఠశాలలో పోలియో వలన రెండు కాళ్లు చచ్చుబడిన బాలుడొకడు చదివినాడు. పదవ తరగతి గది మేడమీద ఉండెడిది. తోటి పిల్లలిద్దరు వానిని ప్రతిదినము చేతులమీద పైకెత్తుకొని వచ్చెడివారు. నేను ప్రార్థనాసమయమున ఆ ఇద్దరిని నిలువబెట్టి అందరిముందు మెచ్చుకొన్నాను. తరగతిని క్రింది గదికి మార్చిన సరిపోవునని సంవత్సరము పొడవునను నాకు తోచలేదు. పండిత శిక్షణ పొందినవాడను, బసవతత్త్వము చెప్పుచున్నవాడను, నాకే తోచలేదు.

బాలుడు మంచి మార్కులతో ఉత్తీర్ణుడై సంగారెడ్డిలో ఇంటర్మీడియట్‌లో చేరినాడు. తండ్రి వానిని భుజముపై మోసికొని వచ్చి బస్సెక్కించెడివాడు. కొన్ని నెలలకు తండ్రికి కర్మాగారములో షిఫ్టు మారినది. ఆ వారముతోనే చదువు నిలిచినది. బుద్ధి చాలక కాదు, ఫీజు లేక కాదు. బస్సు మెట్టు ఎక్కలేక నిలిచినది.

శరణబంధువులారా, స్థావరము కంటె జంగమమును గొప్పదిగా ఎంచుట బసవేశ్వరుని బోధలో ప్రధానమైన మాట. రాతిగుడి కంటె శివుడు నివసించు నడయాడు దేహము పవిత్రమని ఆయన బోధించినాడు. జంగమమనగా కావిధరించిన అయ్యగారు మాత్రమే యని మనము అర్థము కుదించుకొన్నాము. వారికి పాదపూజ చేయుదుము, అది చేయవలసినదే. కాని కదలదలచిన ప్రాణిని కదలనీయని గట్టును, గోడను, మెట్టును మనమే కట్టినచో జంగమార్చన ఎక్కడ మిగిలినది?

కాయకమును కూడ తలచుకొనుడు. మడివాళ మాచయ్య బట్టలుతికినాడు, మేదర కేతయ్య బుట్టలల్లినాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపి మనుష్యులను ఏరు దాటించినాడు. నేటి బస్సు డ్రైవరు, కండక్టరు నా దృష్టిలో చౌడయ్య కాయకమునకు వారసులు. పడవను రేవుకానక నడియేటిలో నిలిపి ఎక్కుమనినచో ప్రయాణికుడేమి చేయును? మన చౌరస్తాలో బస్సు నడిరోడ్డుమీద అర నిమిషము నిలుచును. కాళ్లున్నవారు పరుగెత్తి ఎక్కుదురు. డ్రైవరును మాత్రము నిందింపను. అతనికి సమయపట్టిక కలదు, స్టాపు ముందర ఆటోలు, లారీలు నిలిచియుండును. మామూలు బస్సు లోపలి నేల భూమినుండి సుమారు 90 సెంటీమీటర్లు, అనగా దాదాపు మూడడుగుల ఎత్తు. లోఫ్లోర్ బస్సులో అది 40 సెంటీమీటర్లే. ర్యాంపు పలక వేసినచో చక్రాల కుర్చీ లోనికి పోవును. వికలాంగులకు ఆర్టీసీ రాయితీ పాసు ఇచ్చుచున్నది, సీట్లపై వారి పేరు కూడ వ్రాసియుండును. పాసు చేతబట్టుకొని క్రిందనే నిలువవలసినవానికి ఆ సీటు ఎంత దూరము!

(వికలాంగులను దివ్యాంగులనవలెనని ఇప్పుడొక వాడుక వచ్చినది. పేరు మారినది గాని మెట్టు ఎత్తు మారలేదు.)

ఇక కాలిబాట. మనిషి నడచుటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు అడ్డులేకుండ ఉండవలెనని భారత రోడ్డు కాంగ్రెసు 2012 లోనే మార్గదర్శకములలో చెప్పినది. మన ప్రాంతమున దుకాణపు మెట్లు, కరెంటు స్తంభము, మూతలేని మురుగుకాలువ పోగా ఎంత మిగులునో ఒకసారి నడచి చూడుడు. మియాపూర్ మెట్రో స్టేషనులో లిఫ్టు కలదు, చూపులేనివారి పాదములకు తెలియునట్లు గరుకు పలకలును కలవు. అక్కడివరకు పోవు దారియే లేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో శివునికి కన్ను పెరికి ఇచ్చిన కన్నప్ప కథ వినునపుడు మనకు కన్నీరు వచ్చును. చూపులేని మనిషి మన వీథి కాలువలో పడినపుడు మాత్రము, చూచుకొని నడువవద్దా అందుము.

ఇది ఏ కొద్దిమంది మాటయో కాదు. 2011 జనగణన ప్రకారము దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. మనది కర్మాగారముల ప్రాంతము. యంత్రము వ్రేళ్లను, కాళ్లను తీసికొనుట ఇక్కడి కుటుంబములకు తెలియనిది కాదు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించినారు. గాయపడి బ్రతికినవారును ఉన్నారు. ఉదయము షిఫ్టుకు నడచిపోయినవాడు ఎట్లు తిరిగివచ్చునో ఎవరికెరుక? ముసలితనము సరే సరి.

ప్రభుత్వము చట్టము చేయకపోలేదు. 1995లో ఒకటి, 2016లో మరొకటి చేసినది. రెండవదాని 41వ సెక్షను బస్సులు, బస్టాండ్లు, రోడ్లు వికలాంగులకు అనువుగా ఉండవలెనని చెప్పుచున్నది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఇట్టి ప్రమాణములు ఐచ్ఛిక సూచనలుగా కాక తప్పనిసరి నియమములుగా ఉండవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు కేంద్రమే.

ఆర్టీసీకి, పురపాలకులకు చెప్పుటకు ముందు మన ఇల్లు చూచుకొనవలెను. అదే చట్టము ప్రజలు వచ్చిపోవు భవనములలో మతసంబంధమైనవానిని కూడ చేర్చినది. ఉన్న భవనములను సరిచేయుటకు నియమావళి వెలువడిన నాటినుండి ఐదేండ్ల గడువు పెట్టినది. అది 2022తోనే తీరినది. మఠములు, కల్యాణమంటపములు ఇందులోనివే.

గడచిన యొక బసవజయంతినాడు నా పూర్వవిద్యార్థి మూడుచక్రాల బండిమీద మా ఉత్సవమంటపమునకు వచ్చినాడు. ఇప్పుడతడు ఇంటివద్ద సెల్‌ఫోన్లు బాగుచేసి జీవించుచున్నాడు. మెట్లవద్దనే ఆగిపోయినాడు. మేము ప్రసాదమును క్రిందికి తెచ్చి యిచ్చి, గొప్ప దాసోహము చేసినట్లు సంతోషించితిమి. అతడు ప్రసాదము కన్నులకద్దుకొని, "ప్రసాదం ఇంటికి పంపినా తింటుంటి సార్. మీరు చెప్పేది విందామని వచ్చిన. ఇక్కడికి మైకుల ఏం సమజైతలేదు" అన్నాడు. నాకు మేడమీది పదవ తరగతి గది కన్నులముందు నిలిచినది.

తరువాత సమావేశములో ర్యాంపు మాట తెచ్చినాను. పెద్దలొకరు, "అట్టివారు మనదగ్గరకు ఎందరు వచ్చుచున్నారు పంతులుగారూ?" అని అడిగినారు. రాలేనివారిని వచ్చినవారిలో ఎట్లు లెక్కించగలము? గుడి మెట్లెక్కి పోనక్కరలేకుండ ఇష్టలింగమును ప్రతివాని అరచేతిలో ఉంచిన సంప్రదాయము మనది. అట్టి మనము మెట్లు కట్టుకొని వానిని లెక్కపెట్టుకొనుచున్నాము.

చర్చ సాగినది, తుదకు అంగీకరించినారు. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెను. మా అరుగు ఎత్తు రెండడుగులు గనుక ఇరువదినాలుగడుగులు పట్టును, నడుమ మలుపువద్ద బండి ఆగుటకు చదునైన చోటు విడువవలెను. చెప్పులస్టాండును తీసివేసినచో స్థలము సరిపోవునని మేస్త్రీ అన్నాడు. కొలత వేయునాడు బండితో సహా రమ్మని ఆ విద్యార్థికే కబురు పంపినాను.