మూగజీవి వైద్యము - పోషకుని ధర్మము

పెంచిన కుక్కకు జబ్బు చేసినపుడు ‘దానికింత వ్యయమేల?’ యను ప్రశ్న పుట్టుట సహజము. బిడ్డల చదువునకు, వృద్ధుల మందులకు దాచిన ధనము స్వల్పమే గదా! అయినను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, జీవిని పోషించువాడే దాని క్షేమమునకు బాధ్యుడని నిర్దేశించుచున్నది.

కుక్కపిల్లల ప్రాణములు హరించు పార్వో వ్యాధికి ముందుగా వేయించు టీకాల ఖర్చు కొద్ది. రోగము సోకిన పిదప సెలైనుకు, మందులకు, పలుదినముల శుశ్రూషకు అగునది పెక్కు రెట్లు. కావున ఈ వ్యయవిచారము రోగము వచ్చిననాడు గాక, జీవిని ఇంటికి దెచ్చిననాడే చేయవలెను.

ఖరీదైన చికిత్స చేయింపలేని వానికి ప్రభుత్వ పశువైద్యశాల కలదు. అచటను నయము కాకున్న నతడు దోషి కాడు. బాధపడు మూగజీవిని వీధిపాలు చేసినవాడే దోషి.