కొండ మీద కాలు

కొండే దేవుడైతే దాని మీద కాలు మోపవచ్చా? తిరుమల సంప్రదాయంలో ఇది పాత ప్రశ్నే. శేషాచలం ఆదిశేషుడి శరీరమని, అందుకే రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు. నడకదారిలోని మోకాళ్ల పర్వతం పేరు వెనక ఉన్నది ఆ కథే. అంటే ఎక్కడం తప్పు కాదు, ఎక్కే తీరులోనే భక్తి ఉంది. ట్రెక్కింగ్ బృందాలకూ ఇదే వర్తిస్తుంది. ఈ కొండల్లోని తుంబుర తీర్థం దారిలో రాళ్ల సందున ఇరుక్కుని, వానకు రంగు వెలిసిన బిస్కెట్ కవరు చెప్పులతో ఎక్కడం కంటే పెద్ద అపచారం. పైగా ఇది కాపాడుకోవాల్సిన అడవి: 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఇలాంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. మొక్కుబడికి ఎక్కినా, సరదాకి ఎక్కినా, ఎవరి చెత్త వారే సంచిలో వేసుకుని దిగాలి.