ఇవ్వనిది తీసుకోవద్దు

ఇవ్వనిదాన్ని తీసుకోనని రెండో శీలం రోజూ పలుకుతాం. కానీ కిందటి కరపత్రాన్ని పలాసలో దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ మీదే టైపు చేయించాను. తప్పు ఒప్పుకుంటున్నాను.

ఈ అలవాటు ఎందుకు పోదు? జీడిపిక్కలు కొట్టే తల్లి కూలితో కొడుకు కొనలేని ధర ఒకటి. "కాపీ తీస్తే ఎవడి సొమ్ము పోయింది?" అనే మాట రెండోది. రాసినవాడి కష్టానికీ కూలి ఉంది కదా! కూలి ఎగ్గొడితే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

1957 కాపీరైట్ చట్టంలో జైలుశిక్ష ఉంది. భయంతో నిలిచేది శీలం కాదు, దారి కావాలి. లినక్స్, లిబ్రేఆఫీస్ తయారుచేసినవాళ్లే అందరికీ ఇచ్చేశారు. అది దానం. ఈ కరపత్రం లిబ్రేఆఫీస్‌లోనే కొట్టాం. ఆదివారం వందన అయ్యాక టెక్కలి, ఉద్దానం పిల్లలకీ నేర్పుదాం. ఇచ్చినదే తీసుకుందాం, నేర్చినది ఇద్దాం.