పూర్వపక్షం చెప్పినందుకు మెమోనా?

"ప్రభుత్వం ఉప్పు తింటూ ప్రభుత్వాన్నే తిడతాడా?" యూనివర్సిటీ అధ్యాపకుడి మీద ఏ ఫిర్యాదు వచ్చినా స్టాఫ్ రూములో మొదట వినిపించే మాట ఇది. విషయం మతానికి సంబంధించినదైతే మాట కొంచెం మారుతుంది: "జనం పన్నులతో జీతం తీసుకుంటూ జనం దేవుణ్ణి అంటాడా?" ఉద్యోగ జీవితమంతా తత్త్వశాస్త్రం చెప్పిన మనిషిగా ఈ ప్రశ్నను నేను తీసిపారేయలేను. జీతం తీసుకున్నవాడికి కట్టుబాటు ఉండాల్సిందే. అయితే ఆ కట్టుబాటు ఎవరికి, ఏ విషయంలో అన్నది తేల్చుకోకుండా మెమో మీద సంతకం పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ప్రశ్న ఇమ్మాన్యుయేల్ కాంట్ అంతటివాడికీ ఎదురైంది. ఆయన ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, అంటే రాజుగారి ఉద్యోగి. 1788లో అక్కడ మతబోధను కట్టడి చేస్తూ ఒక శాసనం వచ్చింది. కాంట్ మతం మీద వరుసగా వ్యాసాలు రాశాడు. 1792లో మొదటిది బెర్లిన్ పత్రికలో అచ్చయింది, రెండోదాన్ని సెన్సారు ఆపేశాడు. కాంట్ ఊరుకోలేదు. యేనా విశ్వవిద్యాలయంలోని తత్త్వశాస్త్ర విభాగం అనుమతి సంపాదించి, ఆ వ్యాసాలన్నిటినీ 1793లో పుస్తకంగా తెచ్చాడు. మరుసటి ఏడాది రాజు రెండో ఫ్రెడరిక్ విలియం పేరిట, అక్టోబరు 1 తేదీతో, తాఖీదు వచ్చింది. పవిత్ర గ్రంథాన్నీ క్రైస్తవ ధర్మాన్నీ కించపరిచావు, యువతకు గురువుగా నీ విధిని మరిచావు, ఇలాగే సాగితే పరిణామాలు బాగుండవు అన్నది దాని సారాంశం. అప్పటికి కాంట్‌కు 70 ఏళ్లు.

ఆయన ఇచ్చిన జవాబు చదివినప్పుడల్లా మన షోకాజ్ నోటీసులకు అధ్యాపకులు రాసుకునే సంజాయిషీలు గుర్తొస్తాయి. తరగతి గదిలో నేను బైబిలు మీద తీర్పులు చెప్పలేదు, బౌమ్‌గార్టెన్ అనే తత్త్వవేత్త పాఠ్యగ్రంథాలను అనుసరించే పాఠం చెప్పాను అన్నాడు. నా పుస్తకం పండితుల చర్చ కోసం రాసింది, సామాన్య జనానికి అది అర్థమయ్యేదే కాదు అన్నాడు. చివరికి, ఏలినవారి విధేయ ప్రజగా ఇకపై మతం గురించి పాఠం చెప్పను, రాయను అని మాట ఇచ్చాడు. కోనిగ్స్‌బర్గ్‌లో ఇతర అధ్యాపకులు కూడా ఆ పుస్తకం మీద పాఠం చెప్పకుండా కట్టడి చేశారు. 1797లో రాజు చనిపోయాడు. 1798లో కాంట్ తన కొత్త పుస్తకం ముందుమాటలో రాజు తాఖీదునూ తన జవాబునూ అచ్చువేసి, నేను మాట ఇచ్చింది ఆ ఏలికకే, ఆయన బతికున్నంత వరకే అని తేల్చాడు.

కాంట్ పిరికితనం చూపాడని కొందరు, లౌక్యం చూపాడని కొందరు అంటారు. ఆ చర్చ నాకు ముఖ్యం కాదు. నమ్మినదాన్ని నమ్మలేదనడం నీచం, మౌనం మాత్రం అలాంటిది కాదు అన్నది ఆయన లెక్క. ఆ వయసులో ఆయన దాన్ని నిలబెట్టుకున్నాడు. నన్ను బాధించేది ఆ మూడేళ్లలో కోనిగ్స్‌బర్గ్‌లో చదువుకున్న పిల్లల సంగతి. వాళ్ల కాలంలో మతం గురించి యూరపులో అందరికన్నా లోతుగా ఆలోచిస్తున్న మనిషి వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు. ఆ విషయం మీద ఒక్క పాఠం కూడా వాళ్లు ఆయన నోట వినలేకపోయారు. తాఖీదు వెళ్లేది గురువు పేరున, శిక్ష పడేది శిష్యులకు.

ఇదే కాంట్ పదేళ్ల ముందు, 1784లో, జ్ఞానోదయం అంటే ఏమిటన్న వ్యాసంలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం చెప్పాడు. మనిషి పదవిలో ఉండి మాట్లాడేటప్పుడు ఆ పదవి కట్టుబాట్లు పాటించాలి. అదే మనిషి పండితుడిగా లోకం ముందు మాట్లాడేటప్పుడు అతనికి హద్దు ఉండకూడదు. సైన్యాధికారి ఆజ్ఞ పాటించాలి, ఆ తర్వాత యుద్ధ విధానంలోని తప్పుల మీద వ్యాసం రాయవచ్చు. మతాచార్యుడు గుడిలో తన సంఘం ఒప్పుకున్న సిద్ధాంతమే బోధించాలి, బయట దాని లోపాలను చర్చించవచ్చు. మన ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఇది ఇప్పటికీ మంచి కొలతే. తాసిల్దారు సర్కారు ఉత్తర్వు తనకు నచ్చలేదని పాసుపుస్తకం ఆపకూడదు.

అధ్యాపకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ కొలత సరిపోదు. మతాచార్యుడి పదవిలో ముందే ఒప్పుకున్న సిద్ధాంతం ఉంది. విశ్వవిద్యాలయ అధ్యాపకుడి పదవిలో అలాంటిది లేదు. తర్కించడం, ప్రశ్నించడం, ఎదుటివాడి వాదాన్ని పూర్తిగా వినిపించడం అతను తీరిక వేళల్లో చేసే పని కాదు, అతనికి జీతం ఇచ్చేదే దానికి. ఏలినవారు ఒప్పుకున్న మాటలే చెప్పించాలనుకుంటే పబ్లిసిటీ శాఖ ఉంది, విశ్వవిద్యాలయం కట్టనక్కర లేదు.

ఇది నాకు పుస్తకాల్లో కన్నా ఒక విచారణ కమిటీ గదిలో బాగా తెలిసింది. మరో యూనివర్సిటీలో ఒక తత్త్వశాస్త్ర అధ్యాపకుడి మీద వచ్చిన అభియోగాలను విచారించడానికి నన్ను బయటి సభ్యురాలిగా పిలిచారు. ఫైల్లో ఒక పెన్‌డ్రైవ్, అందులో మూడు నిమిషాల వీడియో. వేదాలు రాసినవాళ్లు మోసగాళ్లని, పరలోకం కట్టుకథని, యజ్ఞాలు పురోహితుల బతుకుతెరువని ఆయన గొంతే చెబుతోంది. అభియోగ పత్రంలో "విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు భంగం, అధ్యాపకుడికి తగని ప్రవర్తన" అని ఉంది. ఫిర్యాదు చేసిన వ్యక్తి ఆ క్లాసు విద్యార్థి కాడు. అతనికి ఆ వీడియో వాట్సాప్‌లో వచ్చింది.

అధ్యాపకుడు చౌఖంబా వారి ప్రచురణ ప్రతి ఒకటి బల్ల మీద పెట్టారు. అది సర్వదర్శనసంగ్రహం. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగర కాలంలో, మాధవాచార్యుల పేరున వచ్చిన గ్రంథం. దర్శనాలన్నిటినీ ఒక్కొక్కటిగా పరిచయం చేస్తుంది. మొదటి అధ్యాయమే చార్వాకం, అంటే వేదాన్నీ పరలోకాన్నీ ఒప్పుకోని నాస్తిక దర్శనం. వీడియోలో ఉన్న మాటలు ఆ అధ్యాయంలోవి, తెలుగులో. సాక్ష్యానికి వచ్చిన ఎం.ఏ. విద్యార్థిని తన నోట్సు చూపించింది. పేజీ మధ్యలో నిలువుగా గీత, ఎడమవైపు "పూర్వపక్షం: చార్వాకులు" అని శీర్షిక, కింద ఆ రోజు పాఠం. కుడివైపు "ఖండన" అని రాసి ఉంది, కింద ఖాళీ. ఎందుకు ఖాళీగా ఉందని అడిగాను. అధ్యాపకుడే జవాబిచ్చారు: "బౌద్ధులు చార్వాకుల్ని ఎలా ఖండించారో మరుసటి క్లాసులో చెప్పాలి మేడమ్. జైమిని దర్శనం దాకా వెళ్తే వేదప్రామాణ్యానికి సమర్థన కూడా వస్తుంది. ఈలోగా సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది."

వేదం మీద అభిమానంతో ఫిర్యాదు చేసినవాళ్లు ఆపించింది వేదాన్ని సమర్థించే పాఠాన్నే. అభియోగాలు రుజువు కాలేదని మేం నివేదిక ఇచ్చాం. ఆయన్ని తిరిగి విధుల్లోకి తీసుకున్నారు, ఇకపై జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరికతో. మరుసటి ఏడాది నుంచి ఆయన చార్వాకం నోట్సు జిరాక్సు తీయించి ఇస్తున్నారే తప్ప క్లాసులో నోరు విప్పడం లేదని తెలిసింది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఇల్లు గడవాలి, పెన్షన్ నిలవాలి. కాని నిర్దోషి అని తేలినవాడు కూడా మాట్లాడటం మానేశాడంటే విచారణ దానికదే శిక్షగా మారిందని అర్థం.

మన శాస్త్ర సంప్రదాయం పూర్వపక్షాన్ని, అంటే ఖండించే ముందు వినిపించే ఎదుటివాడి వాదాన్ని, ఇంత భయంతో చూడలేదు. ఆస్తికుడైన మాధవాచార్యుడు చార్వాకుణ్ణి చివరి పేజీలో ఒక మూల పడేయలేదు, గ్రంథం ఆరంభంలో నిలబెట్టి పదునైన మాటలే మాట్లాడనిచ్చాడు. ఎదుటివాడి వాదాన్ని బలహీనం చేసి చెప్పి గెలిచినవాడు గెలవనట్టే అన్న భావం ఆ పద్ధతిలో ఉంది. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి: సత్యం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, సొంత పక్షం ఏమీ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండం. అధ్యాపకుడు వాదం వదిలి వితండానికి దిగితే మందలించే హక్కు తోటి పండితులకు ఉంది. ఆ తేడా పసిగట్టడానికి శాస్త్రం తెలియాలి. రిజిస్ట్రారు ఆఫీసు సెక్షన్ క్లర్కు దాన్ని తేల్చలేడు.

ఇక నియమాల సంగతి. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అందులోని తొమ్మిదో నియమం ప్రకారం ఉద్యోగి ప్రభుత్వ విధానాలను విమర్శిస్తూ బహిరంగంగా మాట్లాడకూడదు. సచివాలయంలో ఫైలు నడిపే అధికారికి అది సబబే. బడ్జెట్ మీద పాఠం చెప్పే ఎకనామిక్స్ ప్రొఫెసరుకు దాన్ని వర్తింపజేస్తే ఆయన పాఠం చెప్పడం మానుకోవాలి. 2018లో ఈ నియమావళిని కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వర్తింపజేసే ప్రయత్నం మీద దుమారం రేగితే, భావప్రకటన స్వేచ్ఛను అడ్డుకునే ఉద్దేశం లేదని అప్పటి కేంద్రమంత్రి ప్రకాశ్ జావడేకర్ వివరణ ఇచ్చారు. మరుసటి ఏడాదే ఢిల్లీ జేఎన్‌యూలో నిరసనలో పాల్గొన్నందుకు 48 మంది అధ్యాపకులకు అవే నియమాల కింద చార్జిషీట్లు ఇచ్చారు. మన దగ్గర 2000లో ఉస్మానియా రిజిస్ట్రారు అక్కడి అధ్యాపకుడు కంచ ఐలయ్యకు లేఖ రాసి, పత్రికల్లో రాసే వ్యాసాలు వృత్తి మర్యాదకు లోబడి ఉండాలన్నారు. ఐలయ్య నిర్ధారణలు కొన్ని నాకు సమ్మతం కావు. అయినా వాటికి జవాబు వ్యాసంతో రావాలి, రిజిస్ట్రారు లెటర్‌హెడ్ మీద కాదు.

ఉద్యోగంలో చేరినంత మాత్రాన పౌరుడి ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు, 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వివాదాస్పద విషయాలపై మాట్లాడటానికి ఇతర పౌరులకు ఎంత స్వేచ్ఛ ఉందో అధ్యాపకులకూ అంతే ఉండాలని రాసింది. ఆ కమిషన్ అధ్యక్షుడు ఉపనిషత్తులకు భాష్యం చెప్పిన ఆస్తికుడు.

"అంత మాట్లాడాలనుంటే రాజీనామా చేసి మాట్లాడాలి" అంటారు కొందరు. ఇందుకు కట్టమంచి రామలింగారెడ్డిగారిని చూపిస్తారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షుడైన (వైస్ ఛాన్సలర్) ఆయన 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదిలేశారు. గొప్ప పని. అయితే ఆయనది సంస్థ తరఫున మాట్లాడే పదవి. అలాంటి పదవిలో ఉన్నవాడికి సొంత మనస్సాక్షి అడ్డుపడితే తప్పుకోవడమే మర్యాద. లెక్చరరు ఎవరి తరఫునా మాట్లాడడు. అతని మాట విశ్వవిద్యాలయం మాట కాదని అందరికీ తెలుసు. అతన్ని రాజీనామా చేయమనడం అంటే ఆలోచించేవాళ్లు వెళ్లిపోయి, తలూపేవాళ్లే మిగిలిన చోటును విశ్వవిద్యాలయం అని పిలవమనడం.

మనోభావాల పేరుతో సంస్థ ఎంత దూరం వెళ్లగలదో కేరళలో చూశాం. 2010లో తొడుపుళలో మలయాళం అధ్యాపకుడు టి.జె. జోసఫ్ తయారుచేసిన ప్రశ్నపత్రంలో ఒక భాగం ప్రవక్తను అవమానించిందన్నారు. జూలై 4న చర్చి నుంచి ఇంటికి వస్తున్న ఆయన కుడిచేతిని దుండగులు నరికేశారు. ఆ గాయం మానక ముందే, సెప్టెంబరులో, చర్చి యాజమాన్యంలోని ఎయిడెడ్ కాలేజీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. 2014 మార్చిలో ఆయన భార్య తన ప్రాణం తీసుకున్నాక, రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు తిరిగి తీసుకున్నారు. దాడి కేసులో పలువురికి కోర్టు శిక్ష వేసింది. కాగితం మీద సంతకం పెట్టినవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

హద్దులు వద్దని నేను అనడం లేదు. క్లాసులో ఒక విద్యార్థిని కులం పేరుతో కించపరిచే అధ్యాపకుడిని వెంటనే శిక్షించాలి. తనతో విభేదించిన పిల్లవాడికి మార్కులు తగ్గించేవాణ్ణి, లేని ఆధారాన్ని ఉన్నట్టు చూపేవాణ్ణి, రసాయనశాస్త్రం క్లాసులో సిలబస్ వదిలి తన పార్టీ ప్రచారమో తన మత ప్రచారమో చేసేవాణ్ణి కూడా వదలకూడదు. వీటిలో దోషం అభిప్రాయంలో లేదు. తన చేతికింద ఉన్న పిల్లల పట్ల, తన శాస్త్రం పట్ల చేసిన ద్రోహంలో ఉంది. జీతానికి కట్టుబాటు అంటే నాకు తెలిసిన అర్థం అది. అధ్యాపకుడు తినేది జనం ఉప్పు. ఆ జనం తమ పిల్లలకు ఆలోచించడం నేర్పమని పంపారు.

పాలకమండలి సభ్యులకూ విచారణ కమిటీల్లో కూర్చునేవారికీ ఒక విన్నపం. మెమో ఇచ్చే ముందు మూడు సంగతులు అడగండి: ఈ మాట వల్ల ఏ విద్యార్థికి ఏ అన్యాయం జరిగింది? ఈ మాట అధ్యాపకుడి సొంతమా, అతను వివరిస్తున్న పక్షానిదా? దీనికి జవాబు చెప్పగల పండితుడు మీ దగ్గర ఉన్నాడా? ఉంటే మెమోకు బదులు ఆయన చేత ఒక ఉపన్యాసం ఇప్పించండి. వీడియో ముక్క చూసి సస్పెండ్ చేయకండి, పాఠం మొత్తం వినండి. తోటి అధ్యాపకులారా, పూర్వపక్షాన్ని జిరాక్సులకు వదలకండి. క్లాసులో నిలబడి, పూర్తి గొంతుతో చెప్పండి, ఖండన కూడా మీరే చెప్పండి.