ఎత్తు పీటలు

ఈసారి డాలస్ వెళ్ళేసరికి మా చెల్లెలు పాత సెడాన్ కారు అమ్మేసి, ఎత్తయిన ఎస్‌యూవీ ఒకటి కొని ఉంది.

"బంగారంలాంటి కారు కదే, దానికేమొచ్చింది?" అన్నాను.

"దానికేం రాలేదక్కా! అందరూ మేడెక్కి కూర్చుంటే నేనొక్కదాన్నీ అరుగు మీద కూర్చోనా? వెనకసీట్లో పిల్లలుంటారు" అంది.

నిజమే మరి. అమెరికాలో సెడాన్లకి స్వస్తి చెబుతామని ఫోర్డు కంపెనీ 2018 లోనే ప్రకటించింది. షెవర్లే వారి మాలిబూ తయారీ 2024 లో ఆగిపోయింది.

హరికథలో ముందు వరసవాళ్ళు లేచి నిలబడితే వెనకవాళ్ళూ లేవాల్సిందే. చివరికి అందరికీ మిగిలేది కాళ్ళనొప్పులు. రోడ్డు మీద మాత్రం సంగతి కాళ్ళనొప్పులతో పోదు. ముందుభాగం 40 అంగుళాలకి మించిన బండి గుద్దితే, నడిచేవాళ్ళ ప్రాణం పోయే అవకాశం 30 అంగుళాలలోపు ఉండే ఏటవాలు కార్లకన్నా సుమారు 45 శాతం ఎక్కువట. అక్కడి బీమా సంస్థల పరిశోధకులు 2023 లో తేల్చిన మాట ఇది. కాళ్ళకి తగలాల్సిన దెబ్బ గుండెలకి తగులుతుందన్నమాట!

నా పిల్లల్ని నేను కాపాడుకోవడం తప్పా? కాదు. కానీ ఆ క్షేమానికి ఖరీదు పక్కింటి పిల్లవాడు చెల్లిస్తుంటే? మా చెల్లెల్ని తప్పుపట్టలేను. నేనైనా అదే కొనేదాన్నేమో!

మర్నాడు పొద్దున్నే అది తాళంచెవి పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ప్రదక్షిణమా?" అని నవ్వాను.

"కాదక్కా. ముందర చిన్నపిల్లలుంటే పైనుంచి కనబడరు" అంది.

నా నవ్వు ఆగిపోయింది.