తడికట్టె దోషము

పొగ యున్నచోట నిప్పుండునని చెప్పుటకు శాస్త్రము చదువ నక్కరలేదు. కాని నిప్పున్న చోట నెల్ల పొగ యుండి తీరునని చెప్పరాదనుటకు మాత్రము కొంత శాస్త్రము కావలయును. పదునేడవ శతాబ్దమున మన యాంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకై విప్పి చెప్పిన విషయములలో నిది యొకటి. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. వంటయింటి పొయ్యియందు రెండును గలవు. ఈ భేదమునకు హేతువు నిప్పు కాదు, తడికట్టెతోడి సంయోగము. ఆ సంయోగమునే నైయాయికు లుపాధి యనిరి. గంగాతీరమున నవద్వీపమునందు రఘునాథ శిరోమణి మొదలు వంగపండితులు తరతరములుగా బుద్ధికి పదును పెట్టుకొన్నది యిట్టి విచారములమీదనే. ఆ నదికే దిగువను వెలసిన కలకత్తా మహానగరమున నుండి, నే నా తర్కమునే యొక యంత్రవిషయమునకు సాయము పిలుచుచున్నాను. పొగను పోగొట్టి, నూతనవిద్యచే సంస్కరించి, టూ స్ట్రోక్ మోటారుసైకిలు ఇంజనును మరల మన ముందు నిలిపినచో, దానిని ప్రాణప్రదముగా ప్రేమించినవారు తమదిగా స్వీకరింతురా? పైకిది వర్తకుల ప్రశ్న. లోన నున్నది, ఒక వస్తువును ప్రేమించునపుడు మనము దేనిని ప్రేమించుచున్నామను ప్రశ్న.

ఆ ప్రేమ యెట్టిదో తెలియగోరువారు పాతబండ్ల విడిభాగములకు పేరుగన్న మల్లిక్ బజారు సందులలో నొక పూట తిరిగిన జాలును. 1985లో పుట్టి 1996లో తయారీ నిలిచిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి సరియైన కార్బ్యురేటరు కొఱకు, తొలినాటి సైలెన్సరు కొఱకు, అంగడి యంగడియు దిగి యెక్కు యువకు లందు కనబడుదురు. వారిలో బెక్కురు ఆ బండి యంగళ్లనుండి పోయిన తరువాత జన్మించినవారే. తొంబదియెనిమిది సి.సి., పదునొకండు గుఱ్ఱముల బలము, నూఱు కిలోలకు కొంచెము పైబడిన బరువు: కాగితముమీద నీ యంకెలలో గొప్ప యేమియు లేదు. ఐనను కిక్కు కొట్టి, గేరు వేసి, యాక్సిలరేటరు త్రిప్పిన వాని ముఖమున వికసించు ఆనంద మబద్ధము కాదు.

ఆ యానందమునకు కారణము యంత్రము యొక్క నిర్మాణముననే కలదు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగిన గాని యొకసారి మంట పుట్టి పిస్టనును త్రోయదు. టూ స్ట్రోక్ ఇంజనులో ప్రతి చుట్టునకు నొక త్రోపు. కవాటములు లేవు, వానిని నడుపు క్యాము లేదు. సిలిండరు గోడయందలి రంధ్రములను పిస్టనే మూయుచు దెఱచుచు నుండును. సైలెన్సరును నిచ్చట నిర్వ్యాపారముగ నుండదు. 1950లలో తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థలో వాల్టర్ కాడెన్ యను నింజనీరు పట్టుదలతో సాధించి చూపినట్లు, తగిన యాకృతిగల గొట్టమునుండి వెనుకకు మరలిన పీడనతరంగము, తప్పించుకొని పోవనున్న యింధనమును మరల సిలిండరులోనికి నెట్టును. అందుచేతనే యొక వేగమువఱకు మందముగా నడచిన బండి, ఆ గీత దాటగనే యెవరో వెనుకనుండి వీపు తట్టినట్లు ముందునకు దుముకును. లాఘవము, ప్రతి చుట్టునకును త్రోపు, హఠాత్తుగ మేల్కొను బలము — ఈ మూడును ఆ యంత్రమునకు స్వభావము.

మఱి పొగ మాట యేమి? పాతరీతి టూ స్ట్రోక్‌లో గాలి, పెట్రోలు కార్బ్యురేటరునందే కలిసి క్రాంకుగదిని దాటి వచ్చును. కాలినది వెడలుదారియు, కొత్తది వచ్చుదారియు నొకే క్షణమున దెఱచియుండుటచే, కొత్తదానిలో కొంత, కొన్ని వేళల మూడవవంతు వఱకు, కాలకయే బయటికి పోవును. దానితోడ, కందెనగా వాడిన టూటీ ఆయిలు సగము కాలి సగము కాలక నీలిపొగయై లేచును. మెకానిక్కు స్పార్క్ ప్లగ్గును విప్పి చేతికిచ్చినపు డిది కంటికే కనబడును: మొనమీద జిడ్డు జిడ్డుగా నల్లని తడి, ఎమరీ కాగితముతో రెండుసార్లు రుద్దిన గాని క్రింది లోహము మెఱయదు. ఆ తడియే మన తర్కశాస్త్రపు తడికట్టె. దోషము ప్రతి చుట్టునకు మంట పుట్టుటలో లేదు. గాలితో నింధనము వేళకు ముందే కలియుటలో నున్నది. ఈ వివేచన లేనిచో యంత్రమునే పాపిగా దలచుదుము, లేదా యంత్రముమీది ప్రేమచే పాపమునే గుణముగా బొగడుదుము. ఈ రెండును పొరపాట్లే.

కలకత్తా యీ పొగను చాలకాలము పీల్చినది. ఇక్కడి ఆటోలు మన యూళ్లలోవలె పిలిచిన చోటికి వచ్చునవి కావు. నిర్ణీతమార్గములందు నలుగురేసి ప్రయాణికులతో దినమంతయు నటునిటు తిరుగునవి. ఆ టూ స్ట్రోక్ ఆటోలలో బెక్కింట స్థానికులు కాటా తేల్ అను కల్తీ నూనెను పోసెడివారు. పెట్రోలున కిరోసిన్ వంటివి కలిపినది. తడికట్టెమీద మరల నీరు చల్లుటయే యది. పర్యావరణవాది సుభాష్ దత్తా వేసిన వ్యాజ్యముమీద 2008 జూలైలో కలకత్తా హైకోర్టు, టూ స్ట్రోక్ ఆటోలను మాన్పి ఎల్.పి.జి.తో నడుచు ఫోర్ స్ట్రోక్ ఆటోలను తేవలెనని యాజ్ఞాపించెను. అల్లరులు చెలరేగినవి, గడువులు జరిగినవి, 2009లో నాజ్ఞ యమలయ్యెను. నేటి యాకుపచ్చ ఆటోలు దాని ఫలమే. ఆ తీర్పు ధర్మమైనదని నా దృఢవిశ్వాసము. ఒకని కూలి మిగులుటకై వీథిలో నడచు బాలుర యూపిరితిత్తులు మూల్యము చెల్లింపరాదు.

ఐనను యంత్రము పక్షమున నొక మాట చెప్పవలసియున్నది. దాని దోషమునకు ప్రాయశ్చిత్తము లేక కాదు. ఆస్ట్రేలియాలో రాల్ఫ్ సారిచ్ స్థాపించిన ఆర్బిటల్ సంస్థ, ముందు గాలిని మాత్రమే పంపి కాలినదానిని వెడలగొట్టి, పెట్రోలును పిదప నేరుగ సిలిండరులోనే సన్నని తుంపరగా జిమ్మువిద్యను సాధించెను. మన బజాజ్ సంస్థ దాని నవలంబించి 2007 ప్రాంతమున ఆటోలను విడుదల చేసెను. ఫిలిప్పీన్సులోను పాత టూ స్ట్రోక్ మూడుచక్రములబండ్లకు నిట్టి పరికరమునే తొడిగి నడిపిరి. కందెననూనె యిందును పూర్తిగా తొలగదు. కట్టె చాలవఱకెండినది, బొత్తిగ నెండలేదు. కాని దోష ముపాధివలన వచ్చినదే గాని స్వభావమువలన వచ్చినది కాదనుటకు నింతకన్న సాక్ష్య మేమి కావలయును?

ఇక రసికుల మాట. వేదాంతులు “అతడే యీ దేవదత్తుడు” అను మాటను విచారించునపుడు, నాటి దేశకాలములను, నేటి దేశకాలములను విడిచి, రెంటను నిలిచిన వ్యక్తిని మాత్రము గ్రహింతురు. ఒకప్పటి టూ స్ట్రోక్ బండియైన జావా 2018లో మన దేశమున మరల వచ్చినపుడు పేరును, రూపమును, చివరకు జంట సైలెన్సర్లును నాటివే. ఇంజను మాత్రము ఫోర్ స్ట్రోక్. మంచి బండియే కావచ్చును గాని, దేవదత్తుని చొక్కా తొడిగికొన్న యజ్ఞదత్తుడది. దీనికి భిన్నముగ ఆస్ట్రియాలోని కేటీఎం 2017లో వెలువరించిన టీపీఐ యంత్రములు కార్బ్యురేటరును విడిచి, ఇంధనమును రంధ్రమార్గముననే చిమ్ముచు, టూ స్ట్రోక్ ప్రాణమును మాత్రము విడువలేదు. కొండబాటల పందెములందు వానిని కోరి తెచ్చుకొన్నవా రనేకులు. 1997లో ఇటలీలోని బిమోటా సంస్థ తెచ్చిన ఐదువందల సి.సి. వీడ్యూ బండి చెడిపోయినది నిజమే, కాని దానిని చెఱచినది రసికుల యనాదరణ కాదు, సరిగా కుదురని యింజెక్షను. కనుక స్వభావము నిలిచినచో రసికుడు పొగ లేని యీ యంత్రమును గుర్తించును, స్వీకరించును. ఇది నా నిశ్చయము.

పొగ వాసన లేనిదే టూ స్ట్రోక్ కాదనువారు కొందఱు కలరు. వారిమీద నాకు కోపము లేదు. సెప్టెంబరు 17న విశ్వకర్మపూజనాడు, ఆకాశమంతయు గాలిపటములతో నిండియుండగా, నొక గారేజీలో నేనుగు నెక్కిన యౌవనమూర్తియైన విశ్వకర్మ ప్రతిమ ప్రక్కనే, హ్యాండిలుకు బంతిపూలమాల, ట్యాంకుమీద సింధూరపు బొట్టుతో నిలిపిన ఆర్‌ఎక్స్ బండిని నేను చూచితిని. పూజ ముగియగనే యజమాని దానిని స్టార్టు చేసి, లేచిన నీలిపొగను ధూపమువలె కన్నులు మూసి పీల్చెను. ప్రక్కనున్న పసివాడు ముక్కు మూసికొనెను. ఆ పెద్దమనిషి ప్రేమించుచున్నది యంత్రమును గాదు, ఇరువదియేండ్ల వయసున దానిమీద తిరిగిన తన్ను. ఏది ప్రియమైనను ఆత్మకొఱకే ప్రియమగునని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించినది యాతని పట్ల నక్షరాల నిజము. ఆ స్మృతి పవిత్రమే. కాని దానికై పసివాడు ముక్కు మూసికొనవలసిన పని లేదు.

నా భయ మింకొకటి. ఇంగ్లండులోని లాంగెన్ సంస్థ తెచ్చిన రెండువందలయేబది సి.సి. టూ స్ట్రోక్ బండివంటివి ధనికుల కొట్టములలోనికి జేరునవి; ఆర్‌ఎక్స్‌ను ప్రేమించినది గుమాస్తాలు, విద్యార్థులు, పాలబండ్లవారు. నూఱు సి.సి.లో, సామాన్యుని కందుబాటు వెలలో సంస్కరించిన టూ స్ట్రోక్‌ను తయారుచేయుడని మన యంత్రకారులను వేడుచున్నాను. 2020 ఏప్రిల్ 1 నుండి యమలైన బి.ఎస్.-6 ప్రమాణములు పొగలో నేది యెంతకు మించరాదో నిర్ణయించినవే గాని, ఇంజనునకు స్ట్రోకులెన్ని యుండవలెనో నిర్ణయింపలేదు.