ఆఖరి మైలు

మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే దారిలో రుసైల్ వస్తుంది. 1983లో మొదలైన పారిశ్రామికవాడా, 2003లో తెరిచిన నాలెడ్జ్ ఒయాసిస్సూ ఇక్కడ ఇరుగుపొరుగులు. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సులూ, కాలేజీ పిల్లల కార్లూ ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి.

మా స్నేహితుడి కూతురు ఇక్కడే చదువుతోంది. ఊళ్ళో పార్సెళ్ళని గోదాము నుంచి గడప దాకా తక్కువ పొగతో ఎలా చేర్చాలన్నది ఆ అమ్మాయి ప్రాజెక్టు. ఈ చివరి అంచెని వాళ్ళు 'లాస్ట్ మైల్' అంటారట. "సముద్రాలు దాటొచ్చిన సరుక్కి ఈ కాస్త దూరమే ఖరీదు అంకుల్!" అంది. నిజమే. ఓడలో వేల పెట్టెలు కలిసొస్తాయి, గడపకి మాత్రం ఒక్కొక్కటే రావాలి. పైగా ఇక్కడ ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకే రావడం ఏళ్ళనాటి అలవాటు. ఇంటి గుర్తు అడిగితే "మసీదు దాటాక తెల్ల ఇల్లు" అంటాం. ఇళ్ళన్నీ తెల్లవే!

లాకర్లు పెడదామంటే, వ్యాను తిరగడం మానిన చోట మనం తలా ఒక కారేసుకుని పోతాం. పనికెళ్ళే దారిలో ఉంటేనే లాభం. బ్యాటరీ వ్యాన్లు మంచివే కానీ, 2022లో ఇబ్రీలో 500 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ప్రారంభమైనా, ఈ దేశపు కరెంటులో ఎక్కువ భాగం ఇంకా సహజవాయువుదే. ఇక యూరప్ నగరాల్లోలాగా సరుకుల సైకిళ్ళు. పొగ సున్నా. నాకు పేచీ వచ్చింది అక్కడే. ఈ ఎండలో తొక్కేదెవరు?

నాకు పోయిన జులై గుర్తొచ్చింది. ఒక ఫోను కవరు తెప్పించుకున్నాను. రెండుసార్లు నేను ఇంట్లో లేను. మూడోసారి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నియమం. ఆ వేళకి ఇతను నా గేటు ముందు నిలబడి ఉన్నాడు. ప్యాకెట్ మీద పేరు చూసి తెలుగులోనే పలకరించాడు. ఆర్మూర్ దగ్గరి ఊరట. మంచినీళ్ళిస్తే తాగి, "మూడుసార్లు అచ్చిన సార్. ఇచ్చినప్పుడే లెక్క. ఉత్తగ తిరిగింది లెక్కల రాదు" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అదే నన్ను పట్టుకుంది.

ఈ సంగతి చెప్పి, "నీ పట్టికలో ఆ రెండుసార్లూ పెట్రోలు కిందే వస్తాయి. చెమటకి గడేదమ్మా?" అన్నాను. నా ప్రశ్న నాకే ఘనంగా తోచింది. ఆ అమ్మాయి తడుముకోలేదు. "లాకరుంటే ఆయన ఒక్కసారే వచ్చేవాడు కదంకుల్?"

నిజమే. కానీ తిరుగుడు తగ్గితే పదిమంది పని ముగ్గురే చేస్తారు. మిగిలిన ఏడుగురి వీసా మాట? గల్ఫులో ఉద్యోగం పోవడమంటే జీతమొక్కటే పోవడం కాదు, దేశంలో ఉండే హక్కూ పోవడమే. అలాగని అతని పని నిలవడం కోసం ఎండలో ఉత్తగా తిప్పడం దయ అవుతుందా? దీనికి నా దగ్గర జవాబు లేదు.

మా ఊరి పోస్టుమాన్ రోజుకొక్కసారి, ఊరందరి ఉత్తరాలూ ఒకే సంచీలో తెచ్చేవాడు. రేపొస్తే కొంపలు మునిగేవి కావు. ఆ రోజులు బంగారమని అనను. పల్లె పోస్టుమాన్లలో చాలామందివి పర్మనెంటు ఉద్యోగాలు కావు. కానీ తొందర ఒకరిదీ, తిరుగుడు ఇంకొకరిదీ కావడం ఇప్పుడే ఎక్కువ చూస్తున్నాను. నా ఫోను కవరుకి ఏం తొందర? రోజూ దాని పక్కనే ఉన్న కొట్టు ముందునుంచే ఇంటికొస్తాను.

ఆ అమ్మాయి నాకూ ఒక ప్రశ్నపత్రం ఇచ్చింది. పార్సెల్ ఎన్నాళ్ళలో కావాలన్న చోట 'వారం' దగ్గర టిక్కు పెట్టాను. తప్పకుండా ఇంట్లో ఉండే వేళ అన్న చోట 'శుక్రవారం పొద్దున' అని రాశాను. రాశాక, ఆర్మూర్ అతను నీళ్ళ గ్లాసు తిరిగిస్తూ తనకి సెలవు ఆ ఒక్క రోజేనన్నది గుర్తొచ్చి, కొట్టేశాను.